గెలుపులో గెలిచినవారి వాటా: కేయా బౌమన్, 1927

కేయా బౌమన్ 1903 నవంబరు 23న నెదర్లాండ్స్ తూర్పు అంచున ఉన్న ఆల్మెలో పట్టణంలో పుట్టింది. ట్వెంటె అనే ఆ ప్రాంతం నేత మిల్లులకు పేరుపడ్డది. అసలు పేరు కొర్నేలియా అయినా ఆటలో నిలిచింది కేయా అన్న పేరే. 1920ల మధ్య ఏళ్లలో ఆమె తన దేశపు జాతీయ చాంపియన్. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో హెండ్రిక్ టిమ్మర్‌తో జతకట్టి మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి డచ్ మహిళ ఆమే. 1927లో ఫ్రెంచ్ చాంపియన్‌షిప్స్ సింగిల్స్ ఫైనల్లో దక్షిణాఫ్రికాకు చెందిన ఐరీన్ పీకాక్‌ను 6-2, 6-4 తేడాతో ఓడించి టైటిల్ సాధించింది. రెండేళ్ల తర్వాత, 1929లో, స్పెయిన్ క్రీడాకారిణి లిలీ డి అల్వారెజ్ తోడుగా అవే పోటీల్లో మహిళల డబుల్స్ కూడా గెలిచింది.

ఆటగాళ్ల జీవితాల్లో ఇది పెద్ద కథ కాదు. ఒక పెద్ద సింగిల్స్ టైటిల్, ఒక డబుల్స్ టైటిల్, ఒక కాంస్యం. అయితే ఈ చిన్న జీవితచిత్రంలో తత్త్వశాస్త్రం, మతం శతాబ్దాలుగా తేల్చుకోలేకపోయిన ఒక ప్రశ్న చాలా స్పష్టంగా కనిపిస్తుంది. మనిషి సాధించిన ఫలితంలో ఆ మనిషిది ఎంత? పరిస్థితులు ఇచ్చింది ఎంత? పరిస్థితులు ఇచ్చినదాన్ని తీసేస్తే మిగిలేది ఏమిటి, అసలు ఏమైనా మిగులుతుందా?

ఈ ప్రశ్న బౌమన్ విషయంలో ఎందుకు పుడుతుందో తెలియాలంటే 1927 నాటి మహిళల టెన్నిస్ ఎలా ఉందో చూడాలి. అంతకుముందు ఏడేళ్లు ఆ ఆటను ఏలింది ఫ్రాన్స్‌కు చెందిన సుజాన్ లెంగ్లెన్. ఆమెకు దీటుగా ఎదిగివస్తున్నది అమెరికా అమ్మాయి హెలెన్ విల్స్. సింగిల్స్‌లో ఇద్దరూ ముఖాముఖి తలపడింది ఒక్కసారే. 1926 ఫిబ్రవరి 16న కాన్ నగరంలో జరిగిన ఆ పోటీలో లెంగ్లెన్ 6-3, 8-6తో గెలిచింది. అదే ఏడాది వేసవి తర్వాత ఆమె డబ్బు తీసుకుని ప్రదర్శన పోటీలు ఆడేందుకు ఒప్పందం చేసుకుంది. అప్పటి నిబంధనల ప్రకారం డబ్బు తీసుకున్నవారికి చాంపియన్‌షిప్స్‌లో చోటు లేదు. అలా 1927 పారిస్ పోటీల్లో లెంగ్లెన్ ఆడే వీలు లేకపోయింది. విల్స్ ఆ ఏడాది వింబుల్డన్, అమెరికా టైటిళ్లు రెండూ గెలిచినా పారిస్‌లో ఆడలేదు. మరుసటి ఏడాది వచ్చి గెలిచింది. 1929లో, 1930లో, 1932లో కూడా పారిస్ ఆమెదే. ఈ ఇద్దరి రాజ్యాల మధ్య దొరికిన ఒకే ఒక్క ఏడాదిలో బౌమన్ గెలిచింది.

ఇక్కడ వెంటనే తోచే మాట ఒకటుంది: పెద్దవాళ్లు లేరు కాబట్టి గెలిచింది. ఈ మాట వినడానికి లోకజ్ఞానంలా ఉంటుంది. దాని వెనక ఉన్నది మాత్రం ఒక తాత్త్విక ప్రతిపాదన. జరగని సంఘటనను ఊహించి, దానితో జరిగిన సంఘటనకు విలువ కట్టడం. లెంగ్లెన్ ఉండి ఉంటే బౌమన్ ఓడి ఉండేది, కనుక బౌమన్ గెలుపు నిండు గెలుపు కాదు. మొదటి భాగం బహుశా నిజమే. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కావాలని లేదు.

ఈ తర్కాన్ని ఒక్కరికి వర్తింపజేస్తే అందరికీ వర్తింపజేయాలి. లెంగ్లెన్ స్వయంగా గెలిచిన ఫ్రెంచ్ టైటిళ్లలో నాలుగు, 1920 నుంచి 1923 వరకు వచ్చినవి, ఫ్రెంచ్ క్లబ్బుల సభ్యులకే పరిమితమైన రోజుల నాటివి. ఆ పోటీలు ఇతర దేశాల వారికి తెరుచుకున్నది 1925లో. ఇంకా ముందుకు వెళ్దాం. డబ్బు తీసుకునే ఆటగాళ్లను దూరం పెట్టే నిబంధన 1968 దాకా కొనసాగింది. రాడ్ లేవర్ 1962లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్లూ గెలిచినప్పుడు కెన్ రోజ్‌వాల్, ల్యూ హోడ్, పాంచో గొంజాలెస్ వంటి హేమాహేమీలు ఆ పోటీల్లో ఆడేందుకు అర్హులే కారు. వెలుపల ఉండిపోయిన వారి పేరు చెప్పి లోపల గెలిచినవారికి కోత పెట్టడం మొదలుపెడితే నలభై ఏళ్ల టెన్నిస్ చరిత్రలో నిండుగా నిలిచే పేర్లు బహు కొద్ది. అయినా లేవర్ పేరు ఎత్తినప్పుడు ఎవరూ ఆ కోత పెట్టరు. ఏడేళ్ల తర్వాత, పోటీలు అందరికీ తెరుచుకున్నాక, 1969లో అతడు మళ్లీ నాలుగూ గెలిచాడన్నది నిజమే. కానీ 1962 విలువ 1969 వల్ల పుట్టిందనడం న్యాయం కాదు. అదృష్టం లెక్క అనామకుల దగ్గరే అడిగి, ప్రసిద్ధుల దగ్గర అడగకపోవడం తూకంలో మోసం.

రెండో సమాధానం ఆట స్వభావం నుంచి వస్తుంది. దీన్ని అందరికన్నా లోతుగా ఆలోచించినవాడు బౌమన్ దేశస్థుడే కావడం గమనించదగ్గది. యోహాన్ హౌజింగా 1872లో గ్రోనింగెన్‌లో పుట్టిన చరిత్రకారుడు. లైడెన్ విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యుడు. తెలుగు పాఠకుడికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. అతడి తొలి చదువు సంస్కృతం. 1897లో సమర్పించిన డాక్టరేట్ పరిశోధన సంస్కృత నాటకంలోని విదూషకుడి మీద. మధ్యయుగ యూరప్ మీద పుస్తకాలు రాసి లోకప్రసిద్ధుడయ్యాక, 1938లో, అతడు ఆటనే విషయంగా తీసుకుని ‘హోమో లూడెన్స్’ ప్రచురించాడు. ఆడే మానవుడు అన్నది ఆ లాటిన్ పేరు సూచించే భావం. సంస్కృతి ఆటను పుట్టించలేదని, ఆటలోనే, ఆటగానే సంస్కృతి పుట్టిందని అతడి వాదన. న్యాయస్థానం, కవిత్వం, యుద్ధనియమాలు, తత్త్వచర్చ, యజ్ఞం, అన్నింటి మూలంలోనూ అతడికి ఆట కనబడింది. వేదకాలపు బ్రహ్మోద్యాలను, అంటే యజ్ఞవేళ ఋత్విజులు ఒకరినొకరు అడిగే చిక్కుప్రశ్నలను, మహాభారతంలోని ద్యూతసభను అతడు ఆ పుస్తకంలో చర్చించాడు.

హౌజింగా చెప్పిన ఆట లక్షణాలు ఇవి. అది స్వేచ్ఛగా చేసే పని. నిత్యజీవితానికి వెలుపల ఉంటుంది. దానికంటూ గీత గీసిన స్థలం, హద్దున్న కాలం ఉంటాయి. ఆ హద్దుల లోపల దాని నియమాలే పరమప్రమాణం. టెన్నిస్ కోర్టు, చదరంగం బల్ల, దేవాలయం, న్యాయస్థానం అతడి దృష్టిలో ఒకే కోవకు చెందుతాయి. అన్నీ సాధారణ నేల నుంచి వేరుచేసిన స్థలాలే. ఈ నిర్వచనం ఒప్పుకుంటే బౌమన్ ప్రశ్నకు ఒక గట్టి జవాబు దొరుకుతుంది. లెంగ్లెన్ లేకపోవడం అన్నది గీతకు వెలుపలి సంగతి. గీత లోపల ఉన్నవి వల, మట్టి కోర్టు, ఎదుటి మనిషి, స్కోరు. ఆ లోకంలో బౌమన్ గెలుపుకు కొరత ఏమీ లేదు. కోర్టులో లేనివారిని తెచ్చి కోర్టులో నిలబెట్టే వ్యాఖ్యాత ఆట గీతను చెరిపేస్తున్నాడు. మోసం చేసేవాడికన్నా ఆటను చెడగొట్టేవాడే పెద్ద అపరాధి అని హౌజింగా అభిప్రాయం. మోసగాడు కనీసం ఆటను ఒప్పుకున్నట్టు నటిస్తాడు. చెడగొట్టేవాడు ఆ లోకాన్నే కూల్చేస్తాడు.

ఈ జవాబు బలమైనదే కానీ పూర్తి జవాబు కాదు. టైటిల్ ఎవరిదన్న ప్రశ్నను అది తీరుస్తుంది. టైటిల్ దేనికి గుర్తు అన్న ప్రశ్నను తీర్చదు. హౌజింగా కూడా దాన్ని తీర్చినట్టు చెప్పుకోలేదు. ప్రాచీన సమాజాల్లో పందెం, పాచిక, బలపరీక్ష, దైవనిర్ణయం వేరువేరు కాదని అతడు చూపించాడు. ఎవరు గెలిచారన్నదే దేవతలు ఎవరి పక్షాన ఉన్నారన్నదానికి రుజువు. గెలుపు యోగ్యతకు గుర్తు అని నేటి మనిషి నమ్మడంలో ఆ పాత నమ్మకపు ఛాయ ఉంది. దేవతల్ని పక్కన పెట్టి, ఆ స్థానంలో ప్రతిభను కూర్చోబెట్టాం.

నెదర్లాండ్స్‌లో ఈ సంగతికి ఇంకా పదునైన చరిత్ర ఉంది. పదిహేడో శతాబ్దపు తొలి ఏళ్లలో ఇదే లైడెన్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు క్రైస్తవ వేదాంతులు, యాకోబుస్ అర్మీనియస్, ఫ్రాన్సిస్కుస్ గోమారుస్, ఒక విషయం మీద తలపడ్డారు. దేవుడు కొందరిని రక్షణకు ఎంచుకుంటాడు. ఆ ఎంపికకు ఆధారం ఏమిటి? మనిషి విశ్వసిస్తాడని దేవుడు ముందే ఎరిగి ఎంచుకుంటాడని అర్మీనియస్ పక్షం. ఎంపికకు మనిషిలో ఏ కారణమూ లేదు, అది కేవలం కృప, విశ్వాసం కూడా ఆ కృప ఇచ్చినదే అని గోమారుస్ పక్షం. అర్మీనియస్ 1609లో చనిపోయాడు, వాదం మాత్రం చావలేదు. అది రాజకీయాల్లోకి పాకి దేశాన్ని చీల్చింది. 1618 నవంబరు నుంచి 1619 మే దాకా డోర్ట్ నగరంలో జరిగిన మహాసభ గోమారుస్ పక్షానికి పట్టం కట్టింది. అర్మీనియస్ అనుయాయులైన బోధకుల పదవులు పోయాయి. వారిని కాచిన రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్‌కు 1619 మేలో శిరచ్ఛేదం జరిగింది. న్యాయశాస్త్రవేత్త హ్యూగో గ్రోషియస్‌ను కోటలో బంధించారు. రెండేళ్ల తర్వాత అతడు పుస్తకాల పెట్టెలో దాక్కుని తప్పించుకున్నాడు. యోగ్యతా, కృపా అన్న ప్రశ్న కోసం మనుషులు తలలు పోగొట్టుకున్న దేశం అది.

డోర్ట్ సభ తీర్పును అక్షరాలా తీసుకుంటే మనిషి గర్వించడానికి ఏదీ మిగలదు. ప్రయత్నం, పట్టుదల, నేర్పు, అన్నీ ఇచ్చినవే. విచిత్రమేమిటంటే ఇదే సిద్ధాంతాన్ని నమ్మిన సమాజాలు అలసత్వంలో పడలేదు. 1904-05లో సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ దీనికి ఒక వివరణ ఇచ్చాడు. తాము ఎంపికైనవారమో కాదో తెలియని ఆందోళనలో విశ్వాసులు తమ వృత్తిలో క్రమశిక్షణను, సాఫల్యాన్ని ఆ ఎంపికకు గుర్తుగా చూసుకున్నారని అతడి సిద్ధాంతం. చరిత్రకారులు దీన్ని నూరేళ్లుగా ప్రశ్నిస్తూనే ఉన్నారు. అయినా ఫలితం కారణంగా కాక గుర్తుగా నిలవగలదన్న మెలిక మాత్రం నిలిచిపోయింది. గెలుపు నన్ను యోగ్యుణ్ణి చేయదు, నేను ఎవరినన్నది బయటపెడుతుంది అన్న ఆలోచన అందులో ఉంది.

డోర్ట్ తీర్పు బాటలో నడిచిన డచ్ కాల్వినిస్టులు ఆటలను అనుమానంగా చూసిన సందర్భం బౌమన్ కాలంలోనే వచ్చింది. 1928 ఒలింపిక్స్ ఆమ్‌స్టర్‌డామ్‌లో జరగాల్సి ఉండగా, అందుకు ప్రభుత్వం ఇవ్వదలచిన సహాయధనాన్ని 1925లో పార్లమెంటు దిగువసభ తిరస్కరించింది. ఈ క్రీడలు అన్యమత ఉత్సవాలని, ఆదివారపు పవిత్రతను చెడగొడతాయని మతపక్షాల అభ్యంతరం. చివరికి జనం చందాలు పోగుచేసి క్రీడలు జరిపించుకున్నారు. సొంత దేశంలో జరిగిన ఆ క్రీడల్లో బౌమన్ ఆడలేదు. కారణం మతం కాదు. ఎవరు అమెచ్యూర్, అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవారు, ఎవరు కాదు అన్న విషయంలో టెన్నిస్ సమాఖ్యకు, ఒలింపిక్ కమిటీకి పొసగక టెన్నిస్‌ను 1928 నుంచి తప్పించారు. పతకాల క్రీడగా అది తిరిగి వచ్చింది 1988లోనే. 1927లో పరిస్థితి ఆమెకు అనుకూలించిందని చెప్పేవారు, 1928లో అదే పరిస్థితి సొంత జనం ముందు ఆడే అవకాశాన్ని లాగేసుకుందని కూడా చెప్పాలి.

అదృష్టం అన్న ఒక్క మాట కింద చాలా రకాలు దాగి ఉంటాయి. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్త్వవేత్తలు జంటవ్యాసాల్లో ఈ చిక్కును విప్పే ప్రయత్నం చేశారు. మన చేతిలో లేనిదానికి మనల్ని మెచ్చకూడదు, నిందించకూడదు అని అందరం ఒప్పుకుంటాం. కానీ వెతుక్కుంటూ పోతే మన చేతిలో లేనిది ఎక్కడ ఆగుతుందో తెలియదు. చేసిన పని ఎలా పరిణమించిందన్నది ఒక అదృష్టం. ఎలాంటి పరిస్థితుల్లో పరీక్ష ఎదురైందన్నది ఇంకొకటి. ఎలాంటి ఒంటితో, స్వభావంతో, సామర్థ్యంతో పుట్టామన్నది మరొకటి. నేగెల్ వీటిని విడదీసి చూపాడు.

ఈ విభజన చేతపట్టుకుని 1924 పారిస్ ఒలింపిక్స్ చూస్తే మనుషుల జీవితాలే ఉదాహరణలుగా నిలుస్తాయి. బౌమన్, టిమ్మర్ కాంస్యం గెలిచిన మిక్స్‌డ్ డబుల్స్‌లో స్వర్ణం అమెరికా జంట హేజెల్ వైట్‌మన్, నారిస్ విలియమ్స్‌లది. విలియమ్స్ 1912లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు బతికి బయటపడ్డవాడు. తండ్రి ఆ ప్రమాదంలో చనిపోయాడు. మంచునీటిలో గంటల తరబడి ఉండి కొయ్యబారిన అతడి కాళ్లను తీసేయాలని, రక్షించిన ఓడలోని వైద్యుడు సలహా ఇచ్చాడు. అతడు ఒప్పుకోక ఓడ మీద నడుస్తూ కాళ్లకు ప్రాణం తెచ్చుకున్నాడు. బతకడం పరిస్థితి ఇచ్చింది. కాళ్లను వదులుకోకపోవడం, నడవడం అతడు చేసింది. ఈ రెండింటినీ విడదీసి పన్నెండేళ్ల తర్వాతి స్వర్ణంలో దేని పాలు ఎంతో చెప్పగల తూనిక ఎక్కడా లేదు. అవే ఒలింపిక్స్‌లో భారత్ తరఫున టెన్నిస్ డబుల్స్ ఆడినవారిలో హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ మహమ్మద్ హాదీ ఉన్నాడు. పలు క్రీడల్లో ఆరితేరిన హాదీ పేరు నేడు ఎక్కువగా వినిపించేది క్రికెట్‌లో, రంజీ ట్రోఫీ తొలి సీజన్‌లో తొలి సెంచరీ కొట్టినవాడిగా. అతడు ముందు పుట్టి ఉంటే ఆ ట్రోఫీ ఉండేది కాదు, తర్వాత పుట్టి ఉంటే తొలి సెంచరీ మిగిలేది కాదు. ఆ సెంచరీ అతడు కొట్టలేదని మాత్రం ఎవరూ అనలేరు.

బౌమన్‌ది కూడా ఇలాంటి స్థితే. ఆమె పదహారో ఏట, 1919లో, నెదర్లాండ్స్ మహిళలకు ఓటుహక్కు చట్టమైంది. ఒక తరం ముందు పుట్టి ఉంటే దేశాలు దాటి పోటీలకు తిరిగే బతుకు ఆమెకు దుర్లభమయ్యేది. క్లబ్బు సభ్యత్వం, తెల్ల దుస్తులు, ప్రయాణపు ఖర్చు భరించగల ఇళ్లలోని పిల్లలకే ఆ రోజుల టెన్నిస్. 1971లో తత్త్వవేత్త జాన్ రాల్స్ తన న్యాయసిద్ధాంతంలో ఈ దారినే చివరిదాకా నడిచాడు. పుట్టుకతో వచ్చిన ప్రతిభకు ఎవరూ అర్హులు కారు, శ్రమించే స్వభావం కూడా కుటుంబం, పరిసరాలు మలిచినదే అని అతడు వాదించాడు. సమాజం సంపదను పంచుకునే పద్ధతికి ఈ వాదన చాలా అవసరం. ఒక మనిషి చేసిన పనిని మెచ్చుకోవడానికి మాత్రం ఇది సరిపోదు. అన్నీ ఇచ్చినవే అన్న రాల్స్ మాట, అన్నీ కృపే అన్న డోర్ట్ సభ మాట, దేవుణ్ణి పక్కన పెడితే ఒకే చోటికి చేరుకుంటాయి. రెండిటిలోనూ చేసిన మనిషి కనబడకుండా పోతాడు.

భారతీయ చింతన ఈ చిక్కును దైవం, పురుషకారం అన్న జంటపదాలతో పట్టుకుంది. మహాభారతం అనుశాసనపర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి ఈ రెంటిలో ఏది గొప్పదని అడుగుతాడు. భీష్ముడు బ్రహ్మ చెప్పిన మాటగా ఒక పోలిక వినిపిస్తాడు. దైవం విత్తనం, పురుషకారం పొలం. రెండూ కలిస్తేనే పంట. సాధారణంగా మనం అనుకునేదానికి ఇది తలకిందులు. ప్రయత్నమే విత్తనమని, వానా వాతావరణం దైవమని అంటాం. భీష్ముడు మనిషికి పొలాన్ని అప్పగిస్తున్నాడు. వచ్చిన విత్తనం ఏదైనా దాన్ని అందుకునే నేలను దున్ని సిద్ధంగా ఉంచడమే మనిషి వంతు. 1927లో పారిస్‌కు వచ్చిన ఖాళీ అందరికీ వచ్చిన విత్తనం. ఆ డ్రాలో ఉన్న ప్రతి క్రీడాకారిణికీ లెంగ్లెన్ లేదు, విల్స్ లేదు. మొలిచింది ఒక్క పొలంలోనే.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఇంకా సూక్ష్మంగా వెళ్తుంది. ఏ కర్మ సిద్ధించడానికైనా అయిదు కారణాలను అది లెక్కిస్తుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, అయిదోది దైవం. తనొక్కడే కర్త అనుకునేవాడు సరిగా చూడలేదని వెంటనే చెబుతుంది. ఇక్కడ రెండు సంగతులు పట్టించుకోవాలి. దైవం అయిదింటిలో ఒకటి, ఒక్కటే కాదు. కర్త కూడా అయిదింటిలో ఒకడు, అతణ్ణి జాబితా నుంచి కొట్టేయలేదు. డోర్ట్ సభ, రాల్స్ వాదన కర్తను కరిగించేస్తే, గీత అతణ్ణి నలుగురు తోటివారి మధ్య నిలబెట్టింది. ఒక టెన్నిస్ పోటీని వర్ణించడానికి ఇంతకన్నా సరైన లెక్క దొరకదు. ఎర్రమట్టి కోర్టు, ఆడే మనిషి, చేయీ రాకెట్టూ, నేర్చుకున్న కదలికలు, ఎవరి వశంలోనూ లేనిది.

గ్రీకు, రోమన్ లోకంలో స్టోయిక్ తత్త్వవేత్త ఎపిక్టెటస్ బంతి ఆటనే దృష్టాంతంగా తీసుకున్నాడు. బంతి మంచిదా చెడ్డదా అని నేర్పున్న ఆటగాళ్లు పట్టించుకోరు. దాన్ని ఎలా విసిరారు, ఎలా పట్టారు అన్నదే చూస్తారు. సంపద, ఆరోగ్యం, ప్రాణం కూడా బంతి లాంటివేనని, సోక్రటీస్ తన విచారణలో ప్రాణాన్నే బంతిగా చేసుకుని అందంగా ఆడాడని అతడు అంటాడు. గీత రెండో అధ్యాయం కర్మ మీద అధికారాన్ని, ఫలం మీద అధికారాన్ని వేరుచేసినదానికి ఇది దగ్గరి చుట్టం. అయితే పోటీ ఆటలో ఈ ఉపదేశానికి ఒక ఇబ్బంది ఉంది. గెలవాలని ఆడకపోతే అది ఆటే కాదు. ఎదుటివారికి అది అవమానం. స్టోయిక్ సమాధానం ఇలా ఉండవచ్చు: గెలుపును గురిగా పెట్టుకో, దాన్ని నీ విలువకు కొలతగా పెట్టుకోకు. దీన్ని ఆచరించడం కష్టమన్న మాట నిజమే. అసాధ్యం మాత్రం కాదు. అందుకు సాక్ష్యంగా ఒక జీవితం ఉంది, అది బౌమన్ డబుల్స్ భాగస్వామిది.

లిలీ డి అల్వారెజ్ 1905లో రోమ్‌లో పుట్టింది. 1926, 1927, 1928లో వరసగా మూడేళ్లు వింబుల్డన్ సింగిల్స్ ఫైనల్ ఆడి మూడుసార్లూ ఓడింది. చివరి రెండూ హెలెన్ విల్స్ చేతిలో. పెద్ద పోటీల సింగిల్స్ టైటిల్ ఆమెకు ఎన్నడూ దక్కలేదు. అల్వారెజ్‌కు ఎదురైన విల్స్ 1927లో పారిస్‌లో బౌమన్‌కు ఎదురుకాలేదు. పరిస్థితి అనే అదృష్టానికి ఇంతకన్నా నిక్కమైన ఉదాహరణ వెతకనక్కర్లేదు. ఓడినందుకు అల్వారెజ్ ఆటను ఆ తరం చూపరులు తక్కువ చేయలేదు. ఆట మానేశాక ఆమె రచయిత్రి అయింది, అదీ మతవిషయాల మీద. సన్యాసులు, పురోహితులు కాని సాధారణ గృహస్థుల ఆధ్యాత్మిక జీవితం గురించి, క్రైస్తవంలో స్త్రీ స్థానం గురించి నియంత ఫ్రాంకో కాలపు స్పెయిన్‌లో పుస్తకాలు రాసింది. వాటిలో 1956 నాటి ‘ఎన్ టియెర్రా ఎక్స్‌ట్రాన్యా’ బాగా పేరుపొందింది. లోకంలో చేసే మామూలు పని కూడా దేవుడి ముందు విలువైనదేనన్నది ఆమె పట్టుదల. మూడు ఫైనళ్లు ఓడిన మనిషి ఆ మాట రాసినప్పుడు దానికి వేరే బరువు ఉంటుంది.

అరిస్టాటిల్ దగ్గర ఈ విషయంలో ఒక సమతూకం కనిపిస్తుంది. మంచి జీవితానికి సద్గుణం మూలం, కానీ బయటి మేళ్లు కూడా కావాలని అతడు ఒప్పుకున్నాడు. ట్రాయ్ రాజు ప్రయామ్‌కు వచ్చినంత ఆపద వచ్చినవాణ్ణి ఎవరూ సుఖి అనరన్నాడు. అదే సమయంలో, ఆపదను మనిషి మోసే తీరులో అతడి గుణం మెరుస్తుందనీ అన్నాడు. అదృష్టాన్ని మోసే తీరులోనూ గుణం ఉంటుందని దీనికి కలపాలి. అనుకూలించిన రోజున చేయాల్సినంతా చేయగలగడం చిన్న సంగతి కాదు. ఫైనల్లో ఎదురుగా బలమైన పేరు లేనప్పుడు, గెలవాల్సిందేనన్న భారం మీద పడ్డప్పుడు, చేయి వణకకుండా రెండు సెట్లలో ముగించడం కూడా నేర్పే.

ఇన్ని దారుల గుండా వచ్చాక తీర్పు చెప్పవలసి ఉంది. 1927 ఫ్రెంచ్ టైటిల్ ఆ ఏడాది బౌమన్ ప్రపంచంలో అందరికన్నా గొప్ప క్రీడాకారిణి అని చెప్పదు. అలా చెప్పే శక్తి ఏ ఒక్క పోటీకీ లేదు, ఉందనుకోవడం పాచికలో దైవవాక్కు వెతికిన పాత అలవాటు. ఆ వారం, ఆ కోర్టుల మీద, వచ్చినవారందరిలో ఆమె గెలిచింది అన్నంతవరకే ఆ టైటిల్ చెబుతుంది. ఆ చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తగ్గించడానికి ఎవరికీ హక్కు లేదు. లేనివారి పేరు తెచ్చి వచ్చినవారిని తగ్గించే వ్యాఖ్యలో న్యాయం లేదు, తర్కమూ లేదు.

హౌజింగా 1942లో జర్మన్ ఆక్రమణదారుల చేతిలో నిర్బంధానికి గురై, 1945 ఫిబ్రవరి 1న, దేశానికి విముక్తి రాకముందే కన్నుమూశాడు. లెంగ్లెన్ 1938 జులైలో, నలభై నిండకుండానే, రక్తహీనత వ్యాధితో చనిపోయింది. అల్వారెజ్, బౌమన్ ఇద్దరూ 1998 దాకా జీవించారు. బౌమన్ ఆ ఏడాది నవంబరులో, 95వ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, తన ట్వెంటె ప్రాంతంలోనే డెల్డెన్‌లో మరణించింది. ఆమె తర్వాత డచ్ క్రీడాకారిణి బెట్టీ స్టోవె 1977లో వింబుల్డన్ ఫైనల్ దాకా వెళ్లి వర్జీనియా వేడ్ చేతిలో ఓడింది. డచ్ పురుషుల్లో రిచర్డ్ క్రాయిచెక్ 1996లో వింబుల్డన్ గెలిచాడు. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచిన డచ్ మహిళ మాత్రం ఇప్పటికీ కేయా బౌమన్ ఒక్కతే.